ముమానీ ఫ్రిజ్ మీద పడ్డ ఇల్జామ్

మా మాము బండిని మా ఖాందాన్‌లో అందరం ‘కార్వాన్’ అంటాం. కాగితాల్లో అది మామూలు సరుకుల బండి. జనం నోట్లో ఛోటా హాథీ. మాము దాని వెనక తొట్టికి రేకు కప్పించి, లోపల ఒక మంచం, గాజుల అరలు, చిన్న ఫ్రిజ్, నెత్తిన సోలార్ పలక పెట్టించాక ఆ పేరు నేనే పెట్టాను. ఉర్దూ మీడియంలో చదివిన నాకు కార్వాన్ అంటే ఒంటెలు, ఇసుక, సౌదాగర్లు. ఫార్సీ నుంచి వచ్చిన ఆ మాటే ఇంగ్లీషులోకి పోయి తెల్లవాళ్ళు సెలవుల్లో తిరిగే ఇల్లుబండి అయింది. హైదరాబాద్‌లో గోల్కొండ వైపున్న కార్వాన్ మొహల్లా పేరు కూడా బేపారీల బిడారుల నుంచి వచ్చిందే. మా మాము బిడారు మాత్రం ఒకే బండిది. అందులో మాము, ముమానీ, పదిహేను వందల జతల గాజులు, సుర్మా, అత్తరు, టోపీలు, తస్బీలు. హిందువుల తిరునాళ్ళకి పోతే అవే అరల్లోకి కుంకుమ భరిణెలు, పసుపుతాళ్ళు వచ్చి చేరతాయి.

వాళ్ళ ఇల్లు ఆమడగూరులో. తెలియని వాళ్ళకి చెప్పాలంటే సత్యసాయి జిల్లాలో, కదిరి దాటి, కర్ణాటక పొలిమేర దగ్గర ఉండే ఊరు. ఆమడ అంటే పాతకాలం దూరం కొలత కదా, ఊరి పేరులోనే సఫర్ ఉంది మాము అని నేను తమాషా చేస్తుంటాను. నిజంగానే ఏడాదిలో సగం రోజులు ఆయన సఫర్‌లోనే ఉంటాడు. పెనుకొండ బాబయ్య ఉరుసు, కదిరి నరసింహస్వామి తేరు, మొహర్రంలో గూగూడు కుళ్ళాయిస్వామి, చింతామణి దగ్గరి మురుగమల్ల దర్గాలో జుమేరాత్ జుమా జనం, అప్పుడప్పుడూ కడప పెద్ద దర్గా. మూడు రోజులు ఒకచోట, రెండు రోజులు ఇంకోచోట. లాడ్జి ఖర్చు లేకుండా బండిలోనే పడక.

ఈ బండిలో రెండు బ్యాటరీలు. ముందుది ఇంజన్ స్టార్ట్ చేసేది. వెనకది లోపలి సంసారానికి: లైట్లు, ఫ్యాను, మైకు, ఫ్రిజ్. వంద ఆంపియర్ గంటలది. మర్జ్ అంతా ఈ రెండో దానికే. సాయంత్రం కంట్రోలర్ మీద పచ్చ దీపం వెలుగుతుంది, అంటే బ్యాటరీ నిండిందన్నమాట. ఇషా దాకా అన్నీ బాగానే నడుస్తాయి. ఫజర్‌కి లేచేసరికి ఫ్యాను ఆగి ఉంటుంది, లైటు చిమ్నీ దీపంలా మినుకుమంటుంది, ఫ్రిజ్ చప్పుడు ఉండదు. పద్నాలుగు నెలల్లో ఇలా రెండు బ్యాటరీలు పోయాయి. ఒక్కోటి పది వేల పైమాట. పాతది తూకానికిస్తే వచ్చింది రెండున్నర వేలు. అమ్మిన టౌను షాపాయన (పేరెందుకు లెండి) రెండుసార్లూ ఒకే మాట అన్నాడంట: “ఫ్రిజ్ పెడితే ఇంతే భాయ్, వారంటీ రాదు.” మూడోది కొని అయిదు నెలలైంది. అదీ అదే దారి పట్టింది.

బక్రీద్‌కి మూడు వారాల ముందు మాము ఫోన్ చేశాడు. “బ్యాటరీ నయీచ్ హై, ఫిర్ బీ సుబహ్ హోతే హోతే మర్ జారీ. నువ్వు పేపరోడివి కదా, ఎవరన్నా మంచి మెకానిక్ తెలుసా?” అని. కొడుకులిద్దరూ బండి అమ్మేయమంటున్నారు. ఒకడు బెంగళూరులో, ఒకడు ధర్మవరంలో. ఇద్దరిదీ ఒకటే పాట: ఈ వయసులో ఎందుకీ హైరానా.

ఇంతకీ ఆ ఫ్రిజ్ ఎందుకున్నట్టు? ముమానీకి ఇరవై ఏళ్ళుగా షుగర్. ఆరేళ్ళుగా ఇన్సులిన్. మూత తీయని ఇన్సులిన్ సీసా రెండు నుంచి ఎనిమిది డిగ్రీల మధ్య ఉండాలి. వాడకం మొదలుపెట్టినది బయట ఉన్నా నాలుగు వారాల వరకూ ఫరవాలేదు కానీ, అది మామూలు గది చల్లదనంలో. మా వైపు వైశాఖంలో రేకు బండి లోపల ఎంత ఉంటుందో నేను చెప్పాలా? నీళ్ళ బాటిల్ పట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది. అలాగని మరీ చల్లబడి గడ్డకట్టినా ఇన్సులిన్ పనికిరాదు. కాబట్టి ఆ ఫ్రిజ్ కోకోకోలా కోసం పెట్టుకున్న షోకు కాదు.

నేను శనివారం మధ్యాహ్నానికి ఊరు చేరాను. మాము బండి దగ్గరికి లాక్కుపోతుంటే ముమానీ వెనకాలే వచ్చి మెల్లగా అంది. “నక్కో రే బేటా. ఫ్రిజ్ నికాల్ దాలో. మై ఘర్ మేచ్ రహతూఁ.” ఆమె ఇంట్లో ఉండిపోతే మాము ఒక్కడే తిరగాలి. గాజుల బేరంలో అది కుదిరే పని కాదు. మా ఆడవాళ్ళు గాజులు ఎక్కించుకోవడానికి చేయి చాపేది ముమానీ ముందు. అరిచేతిని నొక్కి చూసి సైజు చెప్పేస్తుంది, ఒక్క గాజు చిట్లదు. మాము సుర్మా, టోపీలు అమ్ముతాడు, బండి నడుపుతాడు. అసలు కమాయి ముమానీ చేతుల్లోది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, కొడుకులకి తెలీదు.

తర్వాత మాటల్లో ఇంకోటి బయటపడింది. మార్చిలో కదిరి తేరు టైములో ఒక రాత్రి ఫ్రిజ్ ఆగిపోయి రెండు కొత్త సీసాలు వేడెక్కాయి. ఆమె వాటిని పారేసింది. మళ్ళీ కొనమంటే ఖర్చు. మాము అప్పటికే బ్యాటరీ గురించి పరేషాన్. అందుకని ఉన్న సీసానే సాగదీసింది. పద్దెనిమిది యూనిట్లు వేసుకోవాల్సింది పన్నెండు, పది. ఎవరికీ చెప్పలేదు. రెండు నెలలు. “కళ్ళు కొంచెం మసకగా ఉన్నాయి, ఎండకి” అంటుంటే అందరం ఎండకే అనుకున్నాం. ఈ మాట ఆమె నాతో చెప్పింది, మాము టార్చిలైట్ కోసం లోపలికి పోయినప్పుడు. నేను మర్నాడు మాము ముందరే చెప్పేశాను. ఆమెకి కోపం వచ్చింది, రానీ. సోమవారం కదిరిలో డాక్టరుకి చూపించాం.

సరే, బ్యాటరీ. నేను మెకానిక్‌ని కాను. కానీ విలేకరి పని చేసి చేసి ఒక అలవాటు పడింది: ఎవరు దోషి అని అందరూ వేలు చూపిస్తారో, వాడి సంగతి ఆఖర్న చూడటం. బజారులో దొరికే మామూలు మల్టీమీటర్, ఒక హైడ్రోమీటర్ తీసుకుపోయాను. రెండూ కలిపి వెయ్యి లోపే.

లెడ్ యాసిడ్ బ్యాటరీ చాలా పాత సరుకు. గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి ఆయన 1859లో కనిపెట్టాడు. లోపల సీసం పలకలు, వాటి మధ్య నీళ్ళు కలిపిన గంధకామ్లం. మా స్కూల్లో దీన్ని ‘గంధక్ కా తేజాబ్’ అని చదివాం. డిగ్రీలో తెలుగు తీసుకున్నాక గంధకామ్లం అన్న మాట చూసి, అరె, ఇది మనదే కదా అనుకున్నాను. తమాషా ఏంటంటే ఉర్దూలో సీసా అంటే ఆ పలకల లోహం, తెలుగులో సీసా అంటే ముమానీ మందు బుడ్డి. మా సైన్సు సార్ ప్లస్సుని ముస్బత్, మైనస్‌ని మన్ఫీ అనేవారు. కరెంటుకి బర్ఖీ రౌ. తీగ దాన్ని అడ్డుకునే గుణానికి ముజాహమత్. ఆ ముజాహమత్ దగ్గరికి మళ్ళీ వస్తాను.

మొదట చూడాల్సింది బ్యాటరీ బతికే ఉందా లేదా. సాయంత్రం పచ్చదీపం వెలిగాక అన్నీ ఆపేసి రెండు గంటలు కదిలించకుండా వదిలేశాం. ఇది ముఖ్యం. ఛార్జింగ్ అవుతున్నప్పుడో, ఆపిన వెంటనేనో చూస్తే వోల్టేజి అబద్ధం చెప్తుంది. విశ్రాంతి తీసుకున్న బ్యాటరీ 12.7 చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అయితే సగం, 11.8కి దిగితే అడుగంటినట్టు. మాముది 12.2. అంటే పచ్చదీపం నిండిందని చెప్తున్న టైముకి అది సగం మాత్రమే ఉంది. తర్వాత మూతలు విప్పి ఆరు గదుల్లోనూ హైడ్రోమీటర్ ముంచాం. నిండు బ్యాటరీలో తేజాబ్ సాంద్రత 1.26 దాకా ఉండాలి. ఆరింటిలోనూ 1.19. ఒక గది మాత్రం తక్కువ చూపిస్తే ఆ గది చచ్చినట్టు, బ్యాటరీ మార్చాల్సిందే. ఆరూ ఒకేలా తక్కువున్నాయంటే దానికి కడుపునిండా తిండి అందడం లేదని. ఈ ఒక్క పరీక్ష షాపులో ఎవరూ చేయలేదు. రెండు నిమిషాల పని.

(మూతలు విప్పేటప్పుడు బీడీ, సిగరెట్ దూరంగా పెట్టండి. ఛార్జింగ్‌లో వచ్చే గ్యాసు అంటుకుంటుంది. చేతికి ఉంగరం ఉంటే తీసేయండి. మాము అకీక్ ఉంగరం తీయడానికి సబ్బు కావాల్సి వచ్చింది.)

తిండి ఎందుకు అందడం లేదు? ఇంజన్ స్టార్ట్ చేయించి ముందు బ్యాటరీ మీద చూశాను: 14.2. ఆల్టర్నేటర్ బాగుంది. బండి రోజూ పొద్దున ఠంచనుగా స్టార్ట్ అవుతుండటం కూడా అదే చెప్తోంది. అదే టైములో వెనక బ్యాటరీ మీద చూస్తే 13.1. ఒక వోల్టు పైగా దారిలోనే పోతోంది. బయల్దేరిన రేషన్ డిపోకి చేరేలోపు తగ్గినట్టు. కింద పడుకుని చూస్తే కనపడింది: ముందు నుంచి వెనక్కి లాగింది ఇంట్లో ట్యూబులైటుకి వేసే సన్న తీగ, అయిదు మీటర్ల పొడవు. మన్ఫీ వైపు తీగని బండి చాసిస్‌కి రంగు గోకకుండానే బోల్టు బిగించారు, దాని చుట్టూ తుప్పు. ఇదే ముజాహమత్. పన్నెండు వోల్టుల సంసారంలో తీగ మందం చాలా పెద్ద విషయం. ఇంట్లో 230 వోల్టుల మీద ఒక వోల్టు పోతే ఎవరికీ తెలీదు. ఇక్కడ ఒక వోల్టు పోతే బ్యాటరీ ఎప్పటికీ నిండదు.

నిండని బ్యాటరీకి ఏమవుతుందంటే, వాడినప్పుడల్లా పలకల మీద సీసం సల్ఫేట్ పొర కడుతుంది. మళ్ళీ పూర్తిగా ఛార్జ్ చేస్తే అది కరిగిపోతుంది. సగం సగం నింపుతూ పోతే కరగనిది గట్టిపడి రాయవుతుంది, ఆ మేరకు పలక ఇక పనిచేయదు. పైగా మా ఎండ. వేడి పది డిగ్రీలు పెరిగితే బ్యాటరీ తనంతట తాను కారిపోయే వేగం దాదాపు రెట్టింపు. ముందటి రెండు బ్యాటరీలూ ఇట్లాగే పోయి ఉంటాయి. తయారీలో ఐబు కాదు, ఫ్రిజ్ చేసిన గునాహ్ కూడా కాదు.

మిగిలింది దొంగ సంగతి. రాత్రి లైట్లు, ఫ్యాను, ఫ్రిజ్, మైకు అన్నీ ఆపేశాం. బ్యాటరీ మన్ఫీ తీగ విప్పి, మల్టీమీటర్‌ని పది ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి, విప్పిన తీగకీ బ్యాటరీకీ మధ్య పెట్టాను. ఏదీ నడవనప్పుడు దాదాపు సున్నా రావాలి. వచ్చింది 1.3 ఆంపియర్లు. మాము ముఖం చూడాలి. “సబ్ బంద్ హై నా రే?” అని తనే మళ్ళీ అన్ని స్విచ్‌లూ తడిమాడు. ఫ్యూజులు ఒక్కోటీ పీకుతూ పోయాను. మొదటిది, ఏం లేదు. రెండోది, ఏం లేదు. మూడోది పీకగానే 0.02.

ఆ తీగ పట్టుకుని పోతే మంచం కింద, పరుపుల మూట వెనక, ఇటుక సైజు డబ్బా. పన్నెండు వోల్టులని ఇంటి కరెంటుగా మార్చే ఇన్వర్టర్. పోయిన రంజాన్ సెలవుల్లో మనవడు వచ్చినప్పుడు ఫోన్ ఛార్జింగ్‌కి తగిలించి పోయాడంట. దానికి ఇప్పుడు ఏ ఫోనూ లేదు. అయినా దాని పచ్చకన్ను చీకట్లో వెలుగుతూనే ఉంది, లోపలి ఫ్యాను సన్నగా తిరుగుతూనే ఉంది. గంటకి 1.3 అంటే రోజుకి ముప్పై ఒకటి. నెత్తినున్న వంద వాట్ల పలక మంచి ఎండలో రోజంతా సంపాదించేది పాతిక. ఇంటి కమాయి కన్నా దొంగ తిండే ఎక్కువ!

ఆ కమాయి కూడా పూర్తిగా లేదు. ఇంటి దగ్గర బండి ఆపేది వేపచెట్టు కింద. పలక మీద కొమ్మ నీడ పడితే ఆ మేరకే తగ్గుతుందనుకుంటాం, కానీ కొంచెం నీడకే చాలా పడిపోతుంది. ఆదివారం మధ్యాహ్నం చెట్టుకింద రెండు ఆంపియర్లు చూపించింది, బండి నాలుగు గజాలు ముందుకి తోస్తే అయిదు దాటింది. మా ఎన్.పి. కుంట వైపు మైళ్ళకొద్దీ సోలార్ పలకలు పరిచారు కదా, అక్కడ ఒక్క చెట్టు కనపడకపోవడానికి కారణం మాముకి అప్పుడు అర్థమైంది.

ఇక ముద్దాయి ఫ్రిజ్. దాన్ని ఆఖర్న కూర్చోబెట్టి కొలిచాను. మోటారు నడిచేటప్పుడు 3.6 ఆంపియర్లు. ఫోన్‌లో టైమర్ పెట్టుకుని గంటసేపు పక్కన కూర్చున్నాను: నడిచింది ఇరవై రెండు నిమిషాలు. సగటు వేస్తే గంటకి 1.3. అక్షరాలా ఆ డబ్బా తిన్నంతే. ఒకటి ముమానీ ప్రాణం కాపాడటానికి తింటోంది, ఇంకోటి ఖాళీ గూట్లో దీపం పెట్టుకోవడానికి తింటోంది. ఏడాదిగా గాలి అంతా ఫ్రిజ్ మీదికే మళ్ళింది, ఎందుకంటే చప్పుడు చేసేది అదే.

జమాఖర్చు అన్న మాట మన తెలుగు పుస్తకాల్లోనూ ఉంది, ఉర్దూలోనూ ఉంది. ఒక పాత క్యాలెండర్ వెనక ముమానీ చేతే రాయించాను. ఆమె ఉర్దూ అంకెల్లో రాసింది. రోజుకి ఫ్రిజ్ ముప్పై రెండు, ఫ్యాను ఎనిమిది, లైట్లు అయిదు, మైకు నాలుగు. మొత్తం నలభై తొమ్మిది. జమా: పలక నుంచి పాతిక. లోటు ఇరవై నాలుగు. ఈ రకం బ్యాటరీని సగానికి మించి వాడకూడదు కాబట్టి చేతిలో ఉన్నది యాభై. అంటే కదలకుండా రెండు రోజులు గడుస్తుంది, మూడోరోజు కష్టం. ఉరుసు మూడు రోజులు. ఆమె పెన్సిల్ ఆపి, “ఔర్ ఏక్ పట్టీ లగాయే తో?” అంది. ఇంకో పలక పెడితే యాభై, లెక్క సరిపోతుంది. ఫ్రిజ్ తీసేయమన్న మనిషే ఈ మాట అన్నది. మాము ఏమీ అనలేదు, లోపలికి పోయి గల్లా పెట్టె తెచ్చాడు.

కదిరిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గర పని అయింది. వేలు మందం తీగ, దానికి రెండు చివరలా ఫ్యూజులు, మన్ఫీ బోల్టు కింద రంగు గోకి మెరిసేదాకా రుద్ది బిగింపు, పైన గ్రీజు. ఇప్పుడు ఇంజన్ నడుస్తుంటే వెనక 14.0. బ్యాటరీని అక్కడే ఒక రాత్రీ పగలూ నిదానంగా ఛార్జింగ్‌కి పెడితే 1.25 దాకా లేచింది. పూర్తిగా కోలుకోలేదు, అయిదు నెలల ఫాకా కదా. ఒకటిన్నర ఏడాది లాగితే చాలని ఎలక్ట్రీషియన్ అన్నాడు. రెండో పలక, తీగ, పని కలిపి ఆరు వేల చిల్లర. కొత్త బ్యాటరీ ఖరీదులో దాదాపు సగం. ఇన్వర్టర్ డబ్బాని మనవడికి వాపస్ పంపారు. ఫోన్లకి బండిలోనే పన్నెండు వోల్టుల నుంచి నేరుగా పనిచేసే చిన్న ఛార్జర్ పెట్టారు.

ఇన్సులిన్‌కి మాత్రం ఒక్క బ్యాటరీ మీదే భరోసా పెట్టొద్దన్నాను. మూత తీయని సీసాలు ఇప్పుడు ఇంట్లో పెద్ద ఫ్రిజ్‌లో. ప్రయాణంలో ఒక్కటి మాత్రమే, చిన్న ఫ్రిజ్‌లో, అయిదు డిగ్రీల మీద. అదీ ఆగిపోతే ఉండనీ అని ఒక మట్టికుండ, దాన్ని ఇంకో పెద్ద కుండలో పెట్టి మధ్యలో తడి ఇసుక. ఫ్రిజ్‌లు లేని కాలం నుంచి మన ఇళ్ళలో ఉన్నదే. ఫ్రిజ్ అంత చల్లదనం రాదు గానీ రేకు బండి వేడి నుంచి సీసాని కాపాడుతుంది.

డాక్టరు ముమానీ డోసు మళ్ళీ సరిచేశాడు. కళ్ళ పరీక్షకి అనంతపురం రాశాడు. ఆ రిపోర్టు ఇంకా రావాలి. అల్లాహ్ ఖైర్ కరే.

పోయిన జుమేరాత్ వాళ్ళు మురుగమల్లలో ఉన్నారు. ఫజర్ తర్వాత ముమానీ ఫోన్ చేసింది. మాము మల్టీమీటర్ పట్టుకుంటే చదివేది ఆమే. “బారా పాయింట్ తీన్” అంది, తర్వాత పన్నెండో సైజు ఎర్ర గాజులు అయిపోయాయని, వచ్చే వారానికి తెప్పించాలని, డిస్టిల్డ్ వాటర్ చింతామణిలో దొరుకుతుందా లేక కదిరి నుంచే పట్టుకుపోవాలా అని అడిగింది. దొరుకుతుంది, ఏ బ్యాటరీ షాపులోనైనా అడగండి అన్నాను.